నల్లగీతల పేజీ

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నేను అక్షరాలు దిద్దింది ముసలితనంలో, మా ఆయన పోయాక. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా జారిపోతే సర్దుకుని చదవండి. చెయ్యి నెమ్మది, అందుకే ఈ కథకు రెండు వానాకాలాలు పట్టాయి. ఇది ఇంకా రాని కాలం కథ.

2091లో విశాఖపట్నంలో సముద్రశాస్త్రం చదివినవాళ్ళు పొద్దున లేవగానే ఆకాశం వంక చూసేవారు కాదు, ఒరవడి వంక చూసేవారు.

ఒరవడి ఒక యంత్రం. పంతులు పలక మీద పై వరుసలో రాసిపెట్టే అక్షరాలను ఒరవడి అంటారు, పిల్లలు కింద దాన్ని చూసి రాస్తారు. ఈ యంత్రానికి ఆ పేరు పెట్టినవాళ్ళు తెలిసే పెట్టారు. 'అగాధం' అనే సముద్రశాస్త్ర పత్రికలో నూరేళ్ళుగా అచ్చయిన వ్యాసాలన్నీ దానికి చదివించారు. పనికిరావని తిప్పి పంపినవి కూడా చదివించారు. ఏ విషయం ఎప్పుడు పైకొచ్చింది, ఏది ఎప్పుడు మూలపడింది, ఎవరు ఎవరిని చూసి రాశారు, ఇవన్నీ అది పోల్చి చూసుకుంటుంది. ధోరణి విశ్లేషణ, అంటే ట్రెండ్ ఎనాలిసిస్, దాని పని. ప్రతి ఉగాదికీ, రాబోయే ఏడాది ఏ విషయాల మీద వ్యాసాలు వెల్లువెత్తుతాయో వరుసగా చెబుతుంది. ఒక ఏడు పగడపు దిబ్బలు, ఒక ఏడు ప్లాస్టిక్ పొడి, ఒక ఏడు సముద్రం అడుగున గనులు. చెప్పింది చెప్పినట్టు జరిగేది. నిధులూ ఓడలూ ఉద్యోగాలూ దాని వెనకే నడిచేవి. పెళ్ళిచూపుల్లో కూడా అబ్బాయి జీతం కంటే ముందు, అతని విషయం ఒరవడిలో ఎన్నో వరుసలో ఉందని అడిగేవారు.

హంసిని ఆ పత్రికలో సహాయ సంపాదకురాలు. ఆమె భర్త గరికిన నూకరాజు ఉప్పాడ ఎదుట నీళ్ళ మీద ఉన్న తేలూరులో లంగరు కాపరి. పాత ఊళ్ళను సముద్రం తినేశాక ఆ జనం పెద్ద తెప్పల మీద ఇళ్ళు కట్టుకుని, వాటిని తాళ్ళతో సముద్రం అడుగుకు బిగించుకున్నారు. ఆ తాళ్ళ బిగువు చూడడం నూకరాజు పని. వారమంతా హంసిని విశాఖలో ఉండేది, ఆదివారం తేలూరులో. సోమవారం ఆమె వెళ్ళిపోయేటప్పుడు అతను పడవ దగ్గరికి వచ్చేవాడు కాదు. పనుందని చెప్పి తెప్ప వెనక్కి పోయి, పడవ కనుమరుగయ్యేదాకా అక్కడి నుంచి చూసేవాడని ఇరుగుపొరుగు ఆమెను ఆటపట్టించేవారు.

ఆ ఉగాదికి ఒరవడి చెప్పిన మొదటి విషయం ఎవరూ ఊహించనిది. ఉప్పాడ ఎదుట అడుగువాలు జారుడు. నదులు తెచ్చిన బురద సముద్రం అడుగున వాలు మీద ఏళ్ళ తరబడి పేరుకుంటుంది. ఒకనాడు ఆ కొండంత బురద ఒక్కసారిగా జారితే పైన నీళ్ళు గోడలా లేస్తాయి. సబ్‌మెరైన్ లాండ్‌స్లైడ్ అంటారు దాన్ని.

ప్రధాన సంపాదకుడు దక్షిణామూర్తి గారి ఆనందానికి అంతులేదు. ఒరవడి మాట ముందు ఈ కార్యాలయానికే అందుతుంది, ఇంకే పత్రికకూ ఈ సంగతి తెలియదు. ప్రత్యేక సంచిక వేద్దామన్నారు. వ్యాసాలు చేతికొచ్చేదాకా బయటికి ఒక్క మాట పోకూడదని కార్యాలయంలోవాళ్ళ చేతా, రాయబోయే శాస్త్రవేత్తల చేతా ఒట్టు పెట్టించుకున్నారు.

హంసిని మాత్రం ఒరవడి ముందు కూర్చుంది.

"ఈ విషయం మీద ఒక్క వ్యాసం కూడా అచ్చు కాలేదు. మొదటి వరుసకు ఎలా వచ్చింది?"

"అచ్చు కాలేదు, కానీ వచ్చాయి," అంది యంత్రం. "ఒకరినొకరు ఎరగని మనుషులు అదే చోటు గురించి రాసి పంపారు. స్థానిక ప్రాముఖ్యం మాత్రమే ఉందని పత్రిక అన్నిటినీ తిప్పి పంపింది. అలా పదేపదే తిప్పి పంపిన విషయాలే తర్వాత మొదటి వరుసకు వచ్చాయి. నూరేళ్ళ సంచికల్లో ఇది చాలాసార్లు కనిపిస్తుంది."

"తిప్పి పంపడానికీ, అందరూ ఎగబడి రాయడానికీ మధ్య ఏం జరుగుతుంది?"

"తెలియదు. నేను పత్రిక ఒక్కటే చదువుతాను. కానీ ప్రతిసారీ ఆ రెంటి మధ్య సంచికలో, చుట్టూ నల్లగీతలున్న పేజీ ఒకటి ఉంటుంది. అందులో పేర్లు ఉంటాయి. సూత్రాలు ఉండవు."

అది సంతాపం పేజీ. హంసిని లేచి నేరుగా ప్రధాన సంపాదకుడి గదికి వెళ్ళింది.

దక్షిణామూర్తి గారు చెడ్డవారు కాదు. ఆమె చెప్పిందంతా విన్నారు, మంచినీళ్ళు ఇప్పించారు. "అమ్మాయ్, ఒరవడి పత్రిక సంగతి చెబుతుంది, సముద్రం సంగతి కాదు. ఆధారం లేకుండా ఒక ఊరిని కదిలిస్తామా? తిప్పి పంపిన వాటిలోని కొలతలన్నీ కలిపి నువ్వే ఒక వ్యాసం రాయి. అచ్చుకు తగునో లేదో తేల్చే పరీక్షకులకు పంపిద్దాం," అన్నారు.

ఆమె తిండీ నిద్రా మాని రాసింది. వ్యాసం ఇద్దరు పరీక్షకుల దగ్గరికి వెళ్ళింది. ఇద్దరూ అదే విషయం మీద ప్రత్యేక సంచికకు సొంత వ్యాసాలు రాసుకుంటున్నవాళ్ళే. కొలతలు చాలవు, మరికొన్నాళ్ళు ఆగమని ఇద్దరూ రాశారు.

ఈలోగా పరిశోధన ఓడలు తేలూరు చుట్టూ చేరాయి. సెన్సర్లు అడుగుకు దింపాయి. ఏం జరుగుతోందని ఊరి పెద్దలు వెళ్ళి అడిగితే, ఊరికే కొలుస్తున్నామని శాస్త్రవేత్తలు నవ్వుతూ చెప్పారు. ఒట్టు ఉంది కదా. తేలూరు వాళ్ళు వచ్చినవారికి చేపల పులుసు పంపారు, దింపే తాళ్ళకు సాయం పట్టారు.

హంసిని ఒట్టు తీసి గట్టు మీద పెట్టి, వారం మధ్యలోనే తేలూరు వెళ్ళింది. ఇల్లిల్లూ తిరిగింది. విన్నవాళ్ళు ఆమెను కూర్చోబెట్టి ఓడల వైపు చూపించారు. చివరికి తాళ్ళ దగ్గర ఉన్న నూకరాజు చెయ్యి పట్టుకుంది.

"మావా, ఊరు ఇక్కణ్ణించి లాగించెయ్. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"పెద్దోళ్ళు సరేనంటే తెల్లారేసరికి ఇప్పేస్తానే. ఆళ్ళు కదలనంటన్నారు."

"మరి నువ్వొక్కడివైనా రా."

అతను చేతిలోని తాడు బిగువు చూశాడు. "ఊరంతా నా తాళ్ళ మీద ఉంటే నేనెక్కడికొస్తాను? అయినా అంతమంది సదువుకున్నోళ్ళు మన పక్కనే లంగరేసి కూకున్నారు. పెమాదమే ఉంటే ఒక్కడైనా సెప్పడా?"

ఆ ఒక్కడు చెప్పడని ఆమెకు తెలుసు. అది అతను నమ్మేలా ఎలా చెప్పాలో తెలియలేదు. ఊరు ఖాళీ చేయించమని రేవులో అధికారులను అడగడానికి ఒడ్డుకు వెళ్ళింది. అచ్చయిన వ్యాసం ఏదైనా చూపించమని వాళ్ళు అడుగుతుండగానే కిటికీ అద్దాలు అదిరాయి. సముద్రం అడుగున వాలు జారింది.

ఓడల లంగరు గొలుసులు వదులుగా ఉండబట్టి అవి ఊగి నిలబడ్డాయి. తేలూరు నిలబడలేదు. బిగించిన తాళ్ళు తెప్పలను పైకి లేవనివ్వలేదు. అల వాటి మీదుగా నడిచిపోయింది. నూకరాజు చేతిలో గొడ్డలితో తాళ్ళు తెంచుతూ కనిపించాడని బతికి బయటపడ్డవాళ్ళు చెప్పారు. అతను తెంచిన వరుసలో ఇళ్ళు తేలి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. అతను రాలేదు.

ప్రత్యేక సంచిక వచ్చింది. జారుడు జరిగే క్షణాన సెన్సర్లు అక్కడే ఉండడం ప్రపంచంలో అదే మొదటిసారని అందరూ మెచ్చుకున్నారు. హంసిని వ్యాసం కూడా అంగీకరించారు, సమయోచితంగా ఉందన్నారు. నల్లగీతల పేజీ ఆమెనే కూర్చమన్నారు. పేర్లన్నీ తానే సరిచూసింది. అతని పేరు దగ్గర మాత్రం వేలు పెట్టి ఆగిపోయింది, ముందుకు పోలేకపోయింది.

తర్వాత సమావేశంలో ఆమె లేచి, యంత్రం తనకు చెప్పిన మాటలు అందరికీ చెప్పింది. ఎవరూ తలెత్తలేదు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఇలాంటిది మళ్ళీ జరగకూడదని దక్షిణామూర్తి గారు గద్గదంగా అన్నారు. ఆ గదిలో అందరూ కలిసి ఒక తీర్మానం చేశారు. ఇకమీదట తిప్పి పంపిన వ్యాసాలను ఒరవడికి చూపించకూడదు. మనుషుల మనసులు మోయలేని సంగతులు అది చెప్పకుండా ఉంటే మంచిదన్నారు.

ఆ పని ఆ సాయంత్రమే జరిగిపోయింది. మరుసటి ఉగాదికి హంసిని యంత్రం ముందు కూర్చుని, వచ్చే ఏడు మొదటి విషయం ఏమిటని అడిగింది.

"ఉప్పాడ ఎదుట అడుగువాలు జారుడు."

"ఆ తర్వాతి ఏడు?"

"అదే. చాలా ఏళ్ళ దాకా అదే."

"ఇంకెక్కడైనా, ఇంకే తీరంలోనైనా నల్లగీతల పేజీ వచ్చేలా ఉందా?"

"నాకు తెలియదు. అది తెలిసే దారి ఇప్పుడు లేదు."

హంసిని చివరిగా ఇంకొకటి అడిగింది. "తేలూరు ఉన్న చోట ఇప్పుడు ఎవరున్నారు?"

"పరిశోధకులు ఉన్నారు," అంది ఒరవడి.

గరికిన అప్పలకొండ
వయసు డెబ్బై ఒకటి
ఇప్పుడు ఉంటున్నది కాకినాడ దుమ్ములపేటలో