కలశంలో ఉన్న తల్లి

పాటన్‌లో ధుంచా బహాల్ అనే బౌద్ధవిహారపు లోగిలి వాళ్లు చీకటి పడ్డాక మూలగది వైపు వెళ్లరు. భూకంపానికి పైకప్పు సగం కూలిన గది. లోపల కొళాయి లేదు, బావి లేదు. అయినా రాత్రిళ్లు నీళ్లు పోస్తున్న చప్పుడు... బుడబుడమని, ఆగి ఆగి. ఆ భూకంపంలో పోయిన ఆడమనిషెవరో దాహంతో తిరుగుతోందని చెప్పుకుంటారు.

ఆ ఏడాది వానాకాలంలో దేవుడిగది కావలి వంతు తేజకాజీకి వచ్చింది. విగ్రహాలు పోతపోసే శాక్యుల ఇంటి కుర్రాడు. ఇత్తడి తెల్లతార దేవత విగ్రహాన్ని రోజూ మెత్తటి పొడిగుడ్డతో తుడిచేవాడు. మడతల్లో చేరిన కుంకుమను కుంచెతో తీసేవాడు. ముఖాన మూడు కళ్లు, అరచేతుల్లో రెండు, అరికాళ్లలో రెండు — వాటి దగ్గర మాత్రం ఊపిరి బిగబట్టేవాడు. నిమ్మకాయ, బూడిద దరిచేరనిచ్చేవాడే కాదు.

"ఎంత మెరుస్తోందిరా తల్లి! కొత్తదానిలా ఉంది" అనేవాళ్లు ఆడవాళ్లు. వాడి ఛాతీ ఉబ్బేది. విహారాల విగ్రహాలన్నీ బయటపెట్టే పండగ రేపే. పెద్దలందరూ తన పనితనం చూస్తారు.

ఆ రాత్రి గుడి అరుగుమీద పడుకున్నాడు. కన్ను మూతపడిందో లేదో...

బుడ... బుడబుడ...

దీపం పట్టుకుని వెళ్లాడు. మూలగది తలుపు తోశాడు. నల్లచీరలో ఒక ఆకారం — రాగికలశం మీదికి వంగి ఉంది.

"అరవకురా సన్నాసీ! నేను చచ్చాక చూసి అరుద్దువులే."

లానీమాయ! పాత కావలిదారు భార్య.

"మామ్మా... ఆ దెయ్యం నువ్వా?"

"ష్... మెల్లగా. అమ్మ లేస్తుంది" అంటూ కలశాన్ని నిమిరింది.

తేజకాజీకి ఆచారం తెలుసు. విగ్రహాన్ని మరమ్మతుకు పంపేముందు గురువు దేవత ప్రాణాన్ని కలశం నీళ్లలోకి దింపుతాడు. బాగయ్యాక తిరిగి ఒంట్లోకి పంపుతాడు. అందాకా ఆ నీళ్లు ఇంకిపోకూడదు. భూకంపంలో తార మణికట్టు విరిగినప్పుడూ అలాగే చేశారు. బాగుచేసింది తేజకాజీ తండ్రే.

"తల్లి తిరిగొచ్చింది కదా మామ్మా. గురువుగారు ప్రాణం కూడా పోశారు!"

"పోసింది ఉత్త నీళ్లు. కలశం నేనే మార్చేశాను. వచ్చింది అమ్మ ఒళ్లు కాదురా. పెళ్లయి వచ్చిన నాటినుంచీ తుడిచినదాన్ని, నాకు తెలీదూ? మొక్కినవాళ్ల వేళ్లు తగిలి తగిలి అమ్మ మోకాలు అరిగిపోయి ఉండేది. దీనికేదీ ఆ అరుగుదల?"

"అంటే... మా నాన్న..."

"కొత్తది పోతపోశాడు. పాతదాన్ని దేశం దాటించాడు. అందరి ఇళ్లూ కూల్చిన భూకంపం మీకొక్కరికే మేడ కట్టిపెట్టిందనుకున్నావా?"

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"చెప్పాను. ముసలిదానికి మతి పోయిందని మీ నాన్న నవ్వాడు. ఊరూ నవ్వింది. మనిషిగా చెబితే వినలేదు... దెయ్యాన్నయ్యాక కనీసం ఈ గది జోలికి రావడం మానేశారు." ఆమె వాడి చెయ్యి పట్టుకుంది. "కొడుకువి, నువ్వు చెబితే నమ్ముతారు. రేపు చెబుతావా?"

"చెబుతాను."

తెల్లారింది. లోగిలి నిండా జనం. ముందు వరసలో తండ్రి. లానీమాయ వెనక స్తంభానికి ఆనుకుని నిలబడింది.

"ఏం మెరుపురా తేజకాజీ! ఏం చేశావేమిటి?" అడిగాడు పెద్దాయన.

వాడు నోరు తెరిచాడు. తండ్రి రెప్ప వేయకుండా చూస్తున్నాడు.

"రోజూ... పొడిగుడ్డతో తుడుస్తున్నానండీ."

అంతే. స్తంభం దగ్గర ఇప్పుడెవరూ లేరు.

చలికాలంలో లానీమాయ పోయింది. దహనం చేసి వచ్చిన రాత్రి, తేజకాజీ ఇంట్లో ఉలిక్కిపడి లేచాడు. ఏ చప్పుడూ లేదు... లేకపోవడానికే మెలకువ వచ్చింది. దీపం, బిందెడు నీళ్లు తీసుకుని మూలగదికి పరిగెత్తాడు.

కలశం ఎండిపోయి ఉంది.

నేల మాత్రం తడిగా ఉంది. కలశం దగ్గర మొదలైన చిన్న చిన్న అడుగులు గడప దాటాయి, లోగిలి దాటాయి... తమ మేడ గుమ్మం ఎక్కాయి. ఇందాక తను తెరిచి వచ్చిన తలుపులోంచి లోపలికి, తండ్రి పడుకున్న గది వైపు వెళ్లాయి. తిరిగొచ్చిన అడుగు ఒక్కటీ లేదు.

దీపం దించి చూశాడు.

ప్రతి అడుగు మధ్యలోనూ — తడి అంటని ఒక కన్ను.