గొంతులు దాచిన కంచుబాన

వజ్రగిరి రాజ్యానికి కష్టం కరువు వల్లనో, శత్రువుల వల్లనో రాలేదు. ఒక్క నవ్వు వల్ల వచ్చింది. విందుకు వచ్చిన పొరుగు రాజు కోట ముందు సంతలో జనం మాటలు విని, "మీ ప్రజలకు మాట్లాడటమే రాదా?" అని పకపకా నవ్వాడు. ఆ నవ్వు రాజు మణివర్మ గుండెలో ముల్లులా దిగింది.

ఆస్థాన మాంత్రికుడు ఘోషదత్తుడికి అదే అదనుగా దొరికింది. "ప్రభూ, దోషమున్న నోళ్లను మూయించే మంత్రం నా దగ్గర ఉంది. అనుమతిస్తే కోట గుమ్మానికి కాపలా పెడతాను" అన్నాడు. రాజు సరేనన్నాడు.

ఆనాటి నుంచి గుమ్మం దగ్గర ఎవరి నోట ఒక్క అక్షరం తప్పుగా జారినా భటులు విరగబడి నవ్వేవారు. ఆ మనిషి సిగ్గుతో తల దించుకోగానే గొంతు నీలి సీతాకోకచిలుకలా బయటికి వచ్చి, పడమటి అడవుల వైపు ఎగిరిపోయేది. ఆ తర్వాత ఆ మనిషికి మాట ఉండేది కాదు.

తూర్పు కొండల్లో తేనె పట్టే అక్కచెల్లెళ్లు ఉండేవారు. అక్క పేరు నారమ్మ, చెల్లెలి పేరు పైడి. ఒకనాడు ఇద్దరూ తేనెకుండతో కోటకు వచ్చారు. నారమ్మ చంటిబిడ్డ పైడి చంకలో ఉంది.

"కుండలో ఏముంది?" అన్నాడు భటుడు.

"తేనె బాబూ. సుద్దమైన తేనె."

"సుద్దమైన తేనెట" అంటూ భటులంతా కడుపులు పట్టుకుని నవ్వారు. నారమ్మ తల దించుకుంది. ఆమె పెదవుల మధ్య నుంచి నీలి రెక్కలు విచ్చుకుని ఎగిరిపోయాయి.

"మా యప్ప ఏటి తప్పు సేసినాది?" అని పైడి అక్క తరఫున భటుడి మీదికి వెళ్లింది. వాడు బల్లెం అడ్డం పెట్టి, "రాజాజ్ఞ" అన్నాడు.

ఇంటికి వచ్చాక తల్లి జోల కోసం బిడ్డ ఏడ్చింది. నారమ్మ నోరు తెరిచేది, శబ్దం వచ్చేది కాదు. గొంతు అరిగేలా ఏడ్చే బిడ్డను, గోడవైపు తిరిగి కూర్చున్న అక్కను చూసి పైడికి ఒళ్లు మండిపోయింది. తేనె కోసే కత్తి నడుముకు దోపుకుని, సీతాకోకచిలుక పోయిన దిక్కుగా బయలుదేరింది.

అడవి నడుమ ఒక వాగు ఉరకలు వేస్తోంది. ఒడ్డున కూర్చున్న ముసలి ఎలుగుబంటి ఆమెను చూసి మనిషిలా మాట్లాడింది.

"ఆ బండ నున్నగున్నది బిడ్డా, పైలం."

పైలం అంటే జాగ్రత్త అని పైడికి తెలియదు. బండ మీద కాలు పెట్టింది, జారి వాగులో పడింది. ఎలుగు పైట పట్టి బయటికి లాగింది.

"పైలం ఏటి, పైలం? తిన్నగా మాటాడ్డం రాదా నీకు?" అని పైడి వెక్కిరించింది.

ఎలుగు చిన్నబుచ్చుకోలేదు. "మా అమ్మ గిట్లనే మాట్లాడేది. గా కొండ మీది రాక్షసుడు గూడ నవ్విండు, నా గొంతు గుంజుదామని. నేను తల దించలె. ఆనితోని కాలె. ఇగ నువ్వు నవ్వితే దించుతనా?"

పైడి మొహం ఎర్రబడింది. గుమ్మం దగ్గర భటులు చేసిన పనే తానూ చేసింది. ఇన్నాళ్లూ లోకం మీద రగిలిన కోపం తన మీదికే తిరిగింది.

"తప్పైపోనాది తాతా" అంది.

ఎలుగు ఆమెను వీపు మీద ఎక్కించుకుని వాగు దాటించి, కొండ గుహ చూపించింది.

గుహలో మనిషెత్తు కంచుబాన ఉంది. లోపల వేల రెక్కలు టపటపమంటున్నాయి. బాన మీద, ఘోషదత్తుడు కాపలా పెట్టిన రాక్షసుడు కూర్చుని ఉన్నాడు.

"మానవకన్యా, ఈ గొంతులు కావాలంటే ఒక్క మాట దోషం లేకుండా పలుకు. శుద్ధం అను."

"సుద్దం" అంది పైడి.

రాక్షసుడి నవ్వుకు గుహ కప్పు నుంచి రాళ్లు రాలాయి. పైడి గొంతులో ఏదో రెక్క కదిలినట్లయింది. చెవులు వేడెక్కాయి, మెడ వంగబోయింది. ఆమె పళ్లు బిగించి, తల ఎత్తి వాడి కళ్లలోకి చూసింది.

"సుద్దమే అంతాను. మాయమ్మ అలాగే అంది, మా యప్పా అలాగే అంది. నీకు తెలిసింది కదా? తెలిస్తే నవ్వుతావేటి?"

రాక్షసుడు ఇంకా గట్టిగా నవ్వబోయాడు, నవ్వు రాలేదు. పైడి మాట విని బానలోని రెక్కలన్నీ ఒక్కసారిగా కొట్టుకున్నాయి. కంచు నిలువునా చీలింది. నీలి వెల్లువ వాణ్ని గుహ గోడకు విసిరికొట్టి ఆకాశమంతా పరుచుకుంది.

పైడి ఇంటికి చేరేసరికి నారమ్మ జోల పాడుతోంది, బిడ్డ నిద్రపోతోంది. అక్కను కావలించుకున్నా పైడి కోపం మాత్రం చల్లారలేదు. మాట తిరిగి వచ్చిన వాళ్లందరినీ వెంటబెట్టుకుని కోటకు నడిచింది.

గుమ్మంలో ఘోషదత్తుడు చేయెత్తి మంత్రం చదివాడు. జనంలో ఒక్క తల కూడా వంగలేదు. వాళ్లు అడుగులు వేస్తూ దగ్గరికి వస్తుంటే భయంతో అతని తలే వంగింది. అతని గొంతే రెక్కలు కట్టుకుని ఎగిరిపోయింది.

మణివర్మ సింహాసనం దిగివచ్చాడు. "అమ్మాయీ, నా వల్ల అపరాధం జరిగింది. కొండసీమకు నిన్ను పాలకురాలిని చేస్తున్నాను" అన్నాడు.

"ఏలుబడి తరవాత సూద్దాం. మాట పోగొట్టుకున్నోలందరి ఇల్లకీ నువ్వు నడిసి రావాల. తప్పు సేసినానని వాకిట్లో నిలబడి సెప్పాల."

రాజు చెప్పులు విడిచి ఆమె వెంట నడిచాడు. మొదటి గుడిసెలో గవరమ్మ అనే ముసలావిడ ఉంది. రాజు క్షమించమని అడగగానే ఆమె చేట పక్కన పెట్టి లేచి, కొంగు బిగించి తిట్టడం మొదలుపెట్టింది. ఏడాదిగా నోట్లో ఆగిన మాటలన్నీ తన యాసలోనే వచ్చాయి. సగం మాటలు రాజుకు అర్థం కాలేదు. అర్థం కానిచోటల్లా, "ఇంకోసారి చెప్పమ్మా" అని అడిగాడు. ఆమె ఇంకా గట్టిగా చెప్పింది. ఎండ నడినెత్తికి వచ్చినా ఆయన కదలలేదు.

పైడి అరుగు మీద చతికిలబడి, చాలా రోజుల తర్వాత ఆకలి వేస్తోందని, వెంట వచ్చిన నారమ్మతో అంది.