బొగ్గుబాయిలో ఒప్పందం

ధర్మపురి రేవులో నాగయ్య శవం తేలిన రోజునే అంబదాస్‌కు పిలుపు వచ్చింది.

ఊరివాళ్ల లెక్కలో నాగయ్య పడవ నడుపుకునే మనిషి. ఢిల్లీ లెక్కలో అంబదాస్ లాగే సీక్రెట్ ఏజెంట్. గోదారి మీదే పుట్టి పెరిగినవాడు గోదారిలో మునిగి చచ్చాడంటే నమ్మడానికి ఎవరి చెవిలోనూ పువ్వులు లేవు. పైగా మెడ మీద సూది గుచ్చిన గుర్తు ఉంది. చావడానికి ముందు అతను వైర్‌లెస్‌లో పంపిన మెసేజ్ ఒక్కటే. జర్మన్ మెషీన్ తిరిగే రోజు బాంబు పేలుతుంది.

కరీంనగర్ డాక్ బంగ్లాలో చీఫ్ సంగతంతా చెప్పాడు. పోలండ్‌కూ పశ్చిమ జర్మనీకీ మధ్య యుద్ధం నాటి పగ ఇంకా చల్లారలేదు. ఒకరి రాజధానిలో ఇంకొకరికి ఎంబసీ లేదు. అయినా పోలండ్‌కు జర్మన్ మెషీన్లు కావాలి, జర్మనీకి పోలిష్ బొగ్గు కావాలి. ఒకరి గడప ఇంకొకరు తొక్కితే పరువు పోతుందని, పరీక్ష మన గడ్డ మీద పెట్టుకున్నారు. మందమర్రి దగ్గరి ఒక గనిలో జర్మన్ బొగ్గుకోత యంత్రాన్ని పోలిష్ ఇంజనీర్లు నడుపుతారు. అది సవ్యంగా తిరిగితే హైదరాబాద్‌లో ట్రేడ్ అగ్రిమెంట్ మీద సంతకాలు. ఇద్దరూ కలిస్తే తుపాకుల బేరం దెబ్బతినే ముఠా ఒకటి యూరప్‌లో ఉంది. నాగయ్యను చంపింది వాళ్లే.

"టెస్ట్ ఆగకూడదు. ఆగితే ఒకరినొకరు అనుమానించుకుంటారు, కథ కంచికి పోతుంది. బాంబు దొరకాలి. నోరు మెదపకూడదు," అన్నాడు చీఫ్.

అంబదాస్ తలూపాడు. ఆ గనిలో, ఆ షిఫ్టులోనే, అక్క యాదవ్వ మొగుడు ముత్యం పనిచేస్తున్నాడు. మగ్గం కడుపు నింపడం లేదని మెట్‌పల్లి వదిలి బొగ్గుబాయికి వచ్చిన మనిషి. ఆ ఒక్క పూట పనికి పోవద్దని చెప్పే హక్కు కూడా తనకు లేదు.

పరీక్ష నాటి ఉదయం అంబదాస్ లాంప్ రూమ్ గుమాస్తా వేషంలో దీపాలు అందిస్తున్నాడు. దొంగ మీసం, సోడాబుడ్డి కళ్లద్దాలు. టిఫిన్ డబ్బా అడుగున బాంబు గడియారం చప్పుడు పట్టే పరికరం. ముత్యం దీపం అందుకుంటూ ఆ ముఖంలోకి తేరిపార చూశాడు. "బామ్మర్దీ?" అన్నాడు మెల్లగా. అంబదాస్ ఎవరో పరాయివాణ్ణి చూసినట్టు చూసి, తరవాతి దీపం తీశాడు. ముత్యం చిన్నబోయి వెళ్లిపోయాడు.

అప్పుడే ఎల్కె వచ్చింది. రెండు బృందాలకూ దుబాసీ. సినిమా తారలాంటి మనిషి. ముఠాలో ఉంటూనే మన ఆఫీసుకు రహస్యాలు అందిస్తోందని చీఫ్ నమ్మకం. బాంబు మెషీన్ టూల్‌బాక్స్‌లో ఉందని ఆమె అంబదాస్ చెవిలో చెప్పింది. ఆడవాళ్లు గనిలోకి దిగకూడదని రూలు కాబట్టి తను పైనే ఉంటానంది.

అంబదాస్ అందరికంటే ముందు కిందికి దిగాడు. టూల్‌బాక్స్‌కు పరికరం ఆనించాడు. చప్పుడు లేదు. మూత తెరిస్తే స్పానర్లు తప్ప ఏమీ లేవు. ఈలోగా దొరలు దిగారు, కూలీలు దిగారు, మెషీన్ స్టార్ట్ చేశారు. ఆ రొదలో తన పరికరం ఎందుకూ పనికిరాని డబ్బా అయిపోయింది. ఎల్కె తనను వెర్రివాణ్ణి చేసిందని అప్పుడు అర్థమైంది.

తల ఎత్తాడు. మెషీన్ మీద, పైకప్పు దుంగకు, దిష్టికి కట్టిన బూడిద గుమ్మడికాయ వేలాడుతోంది. దీపం వెలుగులో ఆకుపచ్చగా నిగనిగలాడుతోంది. ఒంటి మీద చిటికెడు బూడిద లేదు. తొడిమ కూడా లేదు.

దిష్టికాయను ఎవరూ కడగరు. ఇంట్లో కొత్త మగ్గం దించిన రోజు, చిన్నప్పుడు, ఆ బూడిదను చేత్తో తుడిచినందుకు అవ్వ వీపు విమానం మోత మోగించింది.

"బావా, గా కాయ ఎవరు కడిగిండ్రు?"

ముత్యం ఉలిక్కిపడ్డాడు. "నువ్వేనా? గా దొరసాని ఇచ్చింది. మంచిగ లేదనుకున్న. మనూరికొచ్చిన సుట్టం ఇచ్చింది గదా అని కట్టిన."

"అండ్ల బాంబున్నది. నీళ్లేడున్నయ్?"

ముత్యం దుంగ దాకా ఎగబాకి తాడు కోశాడు. అంబదాస్ చేతులు చాపితే ఇవ్వలేదు.

"తొవ్వ నీకు తెల్వది. నీకేమన్నయితే మీ అక్కకు నేనేం జెప్పాలె?"

గుమ్మడికాయను చంటిపిల్లలా పొదువుకుని చీకట్లోకి పరుగెత్తాడు. అంబదాస్ వెనకే పరుగు తీశాడు గానీ అందుకోలేకపోయాడు. మలుపు అవతల గని నీరంతా చేరే పెద్ద గుంట ఉంది. కాయ నీళ్లలో పడిన చప్పుడు, ఆ వెంటనే పేలుడు. నీటి అడుగున పేలడం వల్ల గ్యాస్ అంటుకోలేదు. కానీ ఒడ్డున కప్పు కూలింది. ముత్యం దాని కింద ఉన్నాడు.

అవతల జర్మన్ ఇంజనీరు ఆ చప్పుడేమిటని అడిగితే, పక్క సొరంగంలో బొగ్గు పేలుస్తున్నారని కూలీల పెద్ద సర్దారు చెప్పాడు. అతనికీ అంతే తెలుసు. మెషీన్ భేషుగ్గా తిరిగింది. జర్మన్ దొర, పోలిష్ దొర చేతులు కలిపారు.

పైన ఎల్కె కారు ఎక్కబోతుంటే, గని ఫోన్‌లో అంబదాస్ కబురు అందిన పోలీసులు పట్టుకున్నారు. మసితో, రక్తంతో వచ్చిన అంబదాస్‌ను చూసి, ఎలా కనిపెట్టావని ఇంగ్లీషులో అడిగింది.

"నువ్వు దాన్ని కడిగావు."

"బూడిద మీద వేలిముద్రలు పడతాయి," అంది ఆమె. పాఠం సరిగ్గా అప్పజెప్పినా మార్కులు రాని పిల్లలా ఆశ్చర్యపోయింది.

గని రికార్డులో కప్పు కూలి కార్మికుడి మృతి అని రాశారు. గని గేటు దగ్గర యాదవ్వ గుండెలు బాదుకుంటోంది. అంబదాస్ ఆమెకు నాలుగు అడుగుల దూరంలో, మీసంతో, కళ్లద్దాలతో నిలబడ్డాడు. దగ్గరికి పోయి అక్కా అనాలని ప్రాణం కొట్టుకుపోయింది. కన్నీళ్లు కమ్మిన కళ్లతో ఆమె అతణ్ణి దీపాల గుమాస్తా అనుకుని, ఆఖరికి ఏమన్న మాట్లాడిండా అని అడిగింది. మాట్లాడలేదని అబద్ధం చెప్పాడు.

హైదరాబాద్‌లో సంతకాలైన రాత్రి చీఫ్ ట్రంక్‌కాల్ చేశాడు. రెండు దేశాల స్నేహానికి ఒక్క గీత కూడా పడకుండా పని ముగించావని మెచ్చుకుని, ఏమైనా కావాలా అని అడిగాడు.

"బావ దినాలకు సెలవు కావాలి సార్."

గని మృతుడికి ఏజెంట్‌తో చుట్టరికం ఉన్నట్టు ఫైల్లో కనిపించకూడదు. చీఫ్ మంచివాడే, సెలవు మంజూరు చేశాడు. కారణం జలుబు అని రాయించాడు.