గంగమ్మ వాటా

మిట్టమధ్యాహ్నం! అందులోనూ అమావాస్య! మనిషి నీడ మనిషి పాదాల కిందే నక్కి దాక్కునే ఘోరముహూర్తం... నడినెత్తిన ప్రచండ మార్తాండుడు నిప్పులు చెరుగుతున్నాడు. ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. అయినా దిగంతాన ఎక్కడో ఉరుము ఉరిమింది!

రోశయ్య ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. వెనక పెళ్ళాం మల్లేశ్వరి నడుస్తోంది. జుట్టు విరబోసుకుని, రెప్ప వెయ్యకుండా, తాడు కట్టి లాగుతున్నట్టు నడుస్తోంది. ఆమె వెనక భుజాన నల్ల సంచీతో బుల్లయ్య! ఆ సంచీలో ఏదో గుండ్రంగా కదిలింది. రోశయ్య గబుక్కున ముఖం తిప్పుకున్నాడు.

చీరాల సాలెవాళ్ళ ఇళ్ళలో అమావాస్యనాడు మగ్గం ఆడదు. తక్కినవాళ్ళు ఆ పూట కడుపునిండా తిని పడుకుంటే రోశయ్యకు మాత్రం ఇంట్లో కాలు నిలిచేది కాదు. సద్దిమూట కట్టుకుని వాడరేవు చేరి, అక్కడినుంచి దక్షిణంగా సముద్రం వెంట నడిచేవాడు. ఇసుకదిబ్బలెక్కి, ముళ్ళకంపల్లో దూరి, నడుంలోతు పాయలు దాటి, ఎవరూ పోని తీరాలు వెతికేవాడు. ఒకటి దొరికితే చాలు, చీరాల టీకొట్లో వారం రోజులు అదే ఊదరగొట్టేవాడు. సముద్రాన్ని తానే తవ్వినంత గొప్ప!

అన్నిటికన్నా వాడు మురిసిపోయింది ఈ తీరాన్ని చూసి. పాయకు ఆవల, మొగలిపొదల వెనక, నెలవంకలా వంగిన ఇసుక. పడవ లేదు, వల లేదు, మనిషి అడుగు అసలే లేదు. నోరు మూసుకుని ఉంటే ఎంత బాగుండేది! ఊరందరికీ చెప్పాడు. ఆ మాట బుల్లయ్య చెవినీ పడింది.

పేరుకే బుల్లయ్య గానీ గుమ్మం దాటాలంటే నడుం వంచాల్సిన మనిషి. సత్తెనపల్లి పక్క నల్లరేగడి నేలలవాడు. క్షుద్రోపాసకుడు! నాలుగు నెలల కిందట మల్లేశ్వరి పురిటిబిడ్డ పోయింది. ఆమె ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు. తర్వాత ఒక రోజు రాట్నం ముందు కూర్చుని మగగొంతుతో నవ్వింది... మరునాడే బుల్లయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "పిశాచం పట్టింది. ఎవరూ తొక్కని తీరానికి తీసుకురా, వదిలిస్తా" అన్నాడు. ఆ పిశాచాన్ని ఉసిగొల్పినవాడు ఈ దుర్మార్గుడేనని పాపం రోశయ్యకేం తెలుసు!

"ఇదేనయ్యా" అన్నాడు రోశయ్య, మొగలిపొదలు దాటగానే.

బుల్లయ్య చుట్టూ చూశాడు. కోరపళ్ళు బయటపెట్టి నవ్వాడు. సంచీలోంచి నాలుగు మేకులు తీసి నాలుగు మూలలా దిగ్గొట్టాడు. కాటిబూడిదతో హద్దు గీశాడు.

"నాగలి పడని నేల, అడుగు పడని నేల! ఎవరిదీ కాదు. బంజరు! హద్దు వేసినవాడిదే బంజరు!" అని మూడుసార్లు అరిచాడు.

మల్లేశ్వరిని హద్దు నడుమ కూలేశాడు. ఎదుట కపాలం పెట్టాడు! నిప్పు రాజేసి పత్తిగింజలు, ఎండుమిరపకాయలు అందులో పోశాడు. కోరు పొగ గుప్పుమంది. ఆ ఘాటుకు అల్లంత దూరాన ఉన్న రోశయ్యే ఉక్కిరిబిక్కిరయ్యాడు. పొగలో కూర్చున్న మల్లేశ్వరి దగ్గలేదు, తుమ్మలేదు.

"హ్రాం! హ్రీం! ఫట్!"

కపాలపు కంటిగుంతల్లో ఎర్రటి వెలుగు మిణికింది... ఎక్కణ్ణించి వచ్చాయో గద్దలు, నడినెత్తిన గిరికీలు కొడుతూ వికృతంగా అరిచాయి. మల్లేశ్వరి గుండెలవిసేలా కేక పెట్టింది. బుల్లయ్య ఆమె జుట్టు పిడికిట బిగించాడు.

"ఒరేయ్ రోశయ్యా! దోసిట్లో సముద్రపు నీళ్ళు తెచ్చి ధారపొయ్యి. మల్లేశ్వరిని ఇచ్చేశానను!"

"ఇవ్వడమేంది? ఎవరికి?"

"నాకు!" బుల్లయ్య పకపకా నవ్వాడు. "దీని వొంట్లో మహాక్షుద్రను ప్రతిష్ఠిస్తా. ఇహ నీ మల్లేశ్వరి ఉండదు, వొట్టి వొళ్ళు మిగుల్తుంది. పెళ్ళిలో నీ చేతికి ధారపోసిన పిల్ల గదరా? నువ్వు విడిస్తేనే నాకు దక్కుద్ది."

రోశయ్యకు కాళ్ళకింద ఇసుక జారినట్టయింది. తన కాళ్ళతో తానే వెతికిపెట్టిన చోటు! తన చేత్తో తానే తీసుకొచ్చిన పెళ్ళాం! సిగ్గూ, భయమూ, కోపమూ ఒక్కసారిగా పొంగుకొచ్చాయి.

"ఇవ్వను! చచ్చినా ఇవ్వను!"

వాడు హద్దు మీదికి దూకాడు. బూడిదగీత దగ్గర వాణ్ణి ఏదో ఈడ్చి వెనక్కి విసిరేసింది! మల్లేశ్వరి ముక్కులోంచి నెత్తురు ధార కట్టింది.

"ఇవ్వకపోతే ఇక్కడే చస్తది. నీ ఇష్టం" అన్నాడు బుల్లయ్య తాపీగా.

సరిగ్గా అప్పుడే మొగలిపొదల వెనకనుంచి ఒక ముసలమ్మ రొప్పుకుంటూ వచ్చింది. పాయకు అవతలి జాలరిగూడెంలో ఎండుచేపలమ్ముకునే పేరమ్మ. ఇటు దిగిన అడుగులు చూసి, వాటి వెంటే పరిగెత్తుకొచ్చింది. కపాలాన్ని చూసి లెంపలేసుకుంది.

"ఎంత పని చేశార్రా! ఇది బంజరనుకున్నారా? గంగమ్మ తల్లి వాటా! వేటలో తొలి చేప ఎట్టా తల్లికి వదులుతామో, ఒడ్డులో ఈ ముక్క అట్టా వదిలేశాం. మా తాతల నాటినుంచి మాలో ఒక్కరు కాలు పెట్టలా, ఇయ్యాల మీ మూలాన నేను తప్ప."

బుల్లయ్య ఆ మాట లెక్కచెయ్యలేదు, నల్లరేగడిలో పుట్టినవాడికి దున్నని నేలంతా బంజరే. తీరాలు వెతికిన రోశయ్యకైనా, అడుగులెందుకు లేవని ఒక్కనాడూ తోచలేదు. ఇద్దరిదీ ఒకటే గుడ్డితనం.

"అమ్మా, నా పెళ్ళాం... ఏం చెయ్యను?"

పేరమ్మ వాడి చెవి దగ్గరికొచ్చింది. "ఈడ ధారపోస్తే తల్లికే పొయ్యి. ఆడికి గాదు. కానీ నాయనా, ఇచ్చాక ఆ పిల్ల నీది గాదు. రమ్మని పిలిచే హక్కుండదు. తల్లి ఉంచుకుంటే ఉంచుకుంటది."

రోశయ్య మల్లేశ్వరి కేసి చూశాడు. రక్తంతో తడిసిన ఆ ముఖం తనదేనని, తనదిగానే ఉండాలని ఆశ పుట్టింది. ఆ ఆశ పట్టుకు కూర్చుంటే ఆమె బతకదు. వాడు లేచి అలల్లోకి నడిచి దోసిలి నింపాడు.

"అట్టా రా దారికి!" అని బుల్లయ్య ఇకిలించాడు.

రోశయ్య వాడివైపు తిరగలేదు. కడలికి ఎదురుగా నిలబడి గొంతు చించుకున్నాడు.

"గంగమ్మ తల్లీ! మల్లేశ్వరిని నీకిచ్చేశాను! నీ బిడ్డ!"

నీళ్ళు జారాయి.

సముద్రఘోష ఠక్కున ఆగిపోయింది! గద్దలు రెక్కలు ముడిచి నేలరాలాయి. మల్లేశ్వరి తలెత్తింది. ఆమె కంఠంనుంచి మగగొంతూ కాదు, ఆమె గొంతూ కాదు, మహాంబుధి అడుగునుంచి వచ్చినట్టు ఒక గంభీరనాదం లేచింది...

"ఎవరిదీ కాదంటివా? నా నేలకు హద్దు వేస్తివా? నా బిడ్డ జుట్టు పడితివా?"

బుల్లయ్య చెయ్యి వెనక్కి లాగబోయాడు. అయ్యో, రాలేదు! వాడు వదిలినా జుట్టు వాణ్ణి వదల్లేదు! అల ఒక్కటీ రాలేదు గానీ, హద్దు లోపల ఇసుక బుడబుడా ఊటలెత్తింది. నిప్పులు చుయ్యిమన్నాయి. మేకులు నాలుగూ మునిగాయి. కపాలం గిర్రున తిరిగి, పగిలి, పొడైపోయింది. వాడు మోకాళ్ళదాకా... మొలదాకా... రొమ్ములదాకా దిగబడ్డాడు! మల్లేశ్వరి మాత్రం గట్టినేల మీద కూర్చున్నట్టు కూర్చుంది.

"తల్లీ! పోతా! సత్తెనపల్లి పోతా! మళ్ళీ రాను! కాపాడు!"

"హ్రాం" అనబోయాడు. నోట్లో ఇసుక నిండింది. చిట్టచివర జుట్టులోంచి వేళ్ళు ఒక్కొక్కటే జారి, ఆ పిడికిలి కూడా లోపలికి పోయింది.

సముద్రం మళ్ళీ ఘోషించింది.

మల్లేశ్వరి రెండు చేతుల్తో ఖాళీ ఒడి తడుముకుంది. అంతే, నాలుగు నెలల ఏడుపు ఒక్కసారి కట్టలు తెంచుకుంది. బిడ్డను తలుచుకుని ఇసుక కొట్టుకుంటూ ఏడ్చింది. ఆ ఏడుపు విని రోశయ్య ప్రాణం లేచివచ్చింది. దగ్గరికి పరిగెత్తబోతే పేరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"పిలవబాక. ఎనక్కి చూడబాక. నీ దోవన నువ్వు పో. తల్లి పంపాల, ఆ పిల్లకి రావాలనిపించాల."

ఇంతకన్నా పెద్ద శిక్ష ఏముంటుంది? రోశయ్య మొగలిపొదల వైపు కాళ్ళీడ్చాడు. వెనక ఏడుపు సన్నగిల్లింది... ఆగిపోయింది. అలల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. పాయ ఒడ్డుకు వచ్చాడు. నీళ్ళలో ఒక కాలు పెట్టాడు. దాటితే ఆశ లేదు.

"ఏమయ్యోయ్!"

వాడి కాలు నీళ్ళలో బిగుసుకుపోయింది.

"ఈ దిక్కుమాలిన చోటికి నన్ను లాక్కొచ్చిందే గాక, ఒక్కదాన్ని వదిలేసి పోతన్నావా? బుద్ధుందా నీకు?"

మల్లేశ్వరి గొంతు! అచ్చంగా ఆమెదే, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు. రోశయ్య వెనక్కి తిరగలేదు, రమ్మనలేదు. కళ్ళవెంట నీళ్ళు ధారకడుతుంటే, ఆ తిట్లు దగ్గరయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు.