రేణుక రాసిన జాబితా

పొద్దున్నే ఐలయ్య గోడ ముందు చేతులు కట్టుకుని నిలబడి జాబితా చదువుతున్నాడు. రోజూ గొంతెత్తి చదవాలని అతని భార్య రేణుక పెట్టిన నియమం.

"ఒకటి, పొయ్యి. రెండు, బావి. మూడు, కరెంటు తీగ. నాలుగు, తెలవని కుక్క. ఐదు, రోడ్డు."

"ఐదు మల్లోపారి చదువు," అంది రేణుక లోపల టిఫిన్ డబ్బా సర్దుకుంటూ.

"ఐదు, రోడ్డు. బిడ్డ చెయ్యి పట్టుకోవాలె. బండి రాకున్నా పట్టుకోవాలె."

"ఆఁ, గట్ల."

మొత్తం పది. ఈ లోకంలో వేటికి భయపడాలో ముప్పై నాలుగేళ్ళ మనిషికి పెళ్ళాం రాసిచ్చిన పట్టిక అది. నవ్వు వస్తుంది గానీ, ఆ ఇంట్లో ఎవరూ నవ్వేవారు కాదు.

ఆ కాలంలో భయాన్ని జలుబులాగా చూసేవారు. వస్తే మందుంది, పోతుంది, అంతే. చెవి వెనక అభయపట్టీ అంటించుకుంటే రెండు గంటలపాటు గుండె దడ ఉండదు. పరీక్షలకు వెళ్ళే పిల్లలు, స్తంభాలెక్కే లైన్‌మెన్లు, పెళ్ళిచూపులకు కూర్చునే అమ్మాయిలు, ఎవరి చెవి వెనక చూసినా అదే పట్టీ. తీసేస్తే భయం మళ్ళీ వచ్చేది. సైనికులకు ఆ పట్టీ చాలదన్నారు పైవాళ్ళు. వాళ్ళకు పుర్రె లోపల అభయబీజం నాటారు. యుద్ధం కాగానే తీసేస్తామన్నారు, తీశారు కూడా. అయితే పోయిన భయం మాత్రం వెనక్కి రాలేదు.

అసలు ఒకప్పుడు ఐలయ్య ఎంత పిరికివాడని! ఈతచెట్లెక్కి కల్లు గీసేవాడు. నడుమునూ చెట్టునూ చుట్టి కట్టుకునే మోకును మూడుసార్లు గుంజి చూసుకుంటే తప్ప నేల వదిలేవాడు కాదు. "నువ్వు ముడి చూసుకునేలోపల కల్లు పులిసిపోతది గదరా!" అని తోటి గీతవాళ్ళు ఏడిపించేవారు. పదేళ్ళలో ఆ ఏడిపించినవాళ్ళలో ముగ్గురు చెట్టు మీది నుంచి పడ్డారు. ఐలయ్య పడలేదు. పైకి రేణుక కూడా నవ్వేది గానీ, ఆ పిరికితనమే తన పసుపుకుంకాలను కాపాడుతోందని ఆమెకు తెలుసు.

ఇంతలో యుద్ధం వచ్చింది. ఇంటికొకరు చొప్పున వంతుపిలుపు. చీటీ అందిన రోజు నుంచి ఐలయ్య ముద్ద మింగలేదు. రాత్రుళ్ళు లేచి తలుపు గడియ మూడుసార్లు చూసుకునేవాడు. బీజం ఇష్టమైతేనే నాటుతామని, ఇంటివాళ్ళ సంతకం ఉండాలని అధికారులు చెప్పారు. ఇంత బెదురుతో పోతే మొదటి చప్పుడుకే గుండాగి చస్తాడనుకుంది రేణుక. గబగబా సంతకం పెట్టేసింది.

మంచుకొండల మీద పద్నాలుగు నెలలు సైన్యం ఫోను తీగల చుట్టలు మోశాడు ఐలయ్య. అతని జట్టులోనే బీజం నాటించుకున్న దామోదర్‌ది శ్రీకాకుళం వైపు. ఒకనాడు ఎదుటి కొండ నుంచి కాల్పులు జరుగుతుంటే, బూటు లేసు ఊడిందని దామోదర్ తాపీగా బండ మీద కాలు పెట్టి కట్టుకున్నాడు. "ఎందుకు బావా ఆ కంగారు? కట్టీసుకుని వచ్చేత్తాను," అన్నాడు. అదే ఆఖరి మాట. బండ చాటున దాక్కుంటే బతికేవాడు. దాక్కోవాలని అతనికీ అనిపించలేదు, దాక్కోరా అని కేక వెయ్యాలని ఐలయ్యకూ అనిపించలేదు. పైవాళ్ళు ఆ మరణాన్ని వీరమరణం అని రాసుకున్నారు.

ఐలయ్య పతకంతో ఇల్లు చేరాడు. దుఃఖం ఉంది, ప్రేమ ఉంది, దామోదర్ గుర్తొస్తే ఏడుపూ ఉంది. వారం తిరక్కుండానే ఏడేళ్ళ కూతురు మేఘన వీధికుక్క నోట్లో చెయ్యి పెడుతుంటే ఎదురుగా కూర్చుని చూశాడు. ఆ రోజే రేణుక జాబితా రాసింది. అందులో చెట్టు మాత్రం లేదు. గీతవాళ్ళ ఇంట్లో చెట్టు ప్రమాదమని ఎవరు రాస్తారు? పైగా చేతుల అలవాటు పోలేదు. ఇప్పటికీ మోకును మూడుసార్లు గుంజే ఎక్కుతున్నాడు. అది చూసి ఆమె నిబ్బరంగా ఉంది.

ఇన్నాళ్ళూ పిల్లను రేణుక తల్లి చూసుకునేది. ఆ పొద్దున ఆవిడకు జ్వరం. రేణుకకేమో విత్తనాల గోదాములో పనికి పోక తప్పని రోజు. "ఇయ్యాల ఒక్కదినం నీకప్పజెప్తున్న. నువ్వు మల్ల తండ్రివైనవని నన్ను నమ్మనియ్యి," అంది రేణుక. ఐలయ్యకు ఆ మాటకే కళ్ళు తడిశాయి.

ఆ రోజు అతనెంత జాగ్రత్తగా ఉన్నాడో! పొయ్యి ఆర్పాడు. బావి మీద మూత వేశాడు. ఖాళీ రోడ్డు మీద కూడా బిడ్డ చెయ్యి పట్టుకునే ఈతవనానికి తీసుకెళ్ళాడు.

"నాయినా, నేను గూడ ఎక్కనా?" అంది మేఘన.

ఐలయ్య మనసులో జాబితా మొదటి నుంచి చివరి దాకా చదువుకున్నాడు. పదింటిలో ఎక్కడా చెట్టు లేదు.

"ఎక్కు బిడ్డా."

మోకు పెద్దవాళ్ళ కొలత, పిల్ల నడుముకు అందదు. మట్టల మొదళ్ళ మీద కాలు వేస్తూ పిల్ల ఎక్కుతుంటే అతనికి సంతోషంగా ఉంది. తన బిడ్డ తన పని నేర్చుకుంటోంది మరి. "కుడికాలు పైకెయ్యి. శెబాష్! ఇంకో రెండడుగులెయ్యి, కల్లు లొట్టి అందుతది," అన్నాడు. పిల్ల రెండు నిలువుల ఎత్తుకు పోయింది. ఇంకే తండ్రి అయినా అప్పటికి చెట్టు కింద చేతులు చాచి నిలబడి ఉండేవాడు. ఐలయ్య నాలుగడుగుల దూరంలో కూర్చుని కత్తి నూరుకుంటున్నాడు. మట్ట విరిగింది. అతను లేచేసరికి పిల్ల నేల మీద ఉంది.

కాలు రెండుచోట్ల విరిగింది. ఆసుపత్రి వసారాలో రేణుక అరవలేదు, తిట్టలేదు.

"బిడ్డ ఎక్కుతుంటే చూస్తనే ఉన్నవా?"

"చూస్తనే ఉన్న."

"ఏమనిపించలేదా?"

"మంచిగ ఎక్కుతుందనిపించింది."

రేణుక కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి, "నేనే గద సంతకం పెట్టింది," అని గొణుక్కుంది. ఐలయ్య ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె తోసెయ్యలేదు, దగ్గరికీ జరగలేదు.

మర్నాడు అతను తనకు బీజం నాటిన పట్నంలోని అభయకేంద్రానికి వెళ్ళాడు. కుర్ర డాక్టరు తెర మీద అతని తలకాయ బొమ్మ చూసి, మర్యాదగానే చెప్పాడు.

"బీజం తీసిన చోటు పూడిపోయిందండీ. భయం మళ్ళీ పుట్టదు. ఇరవై వేల మందికి నాటాం. అందరూ సుఖంగానే ఉన్నామంటున్నారు. భయం కావాలని వచ్చింది మీరొక్కరే."

"మరి వాళ్ళకెవ్వలకు పిల్లల్లేరా సారూ?"

 అర్జీ రాసిస్తే పైకి పంపుతానన్నాడు డాక్టరు. ఐలయ్య రాసిచ్చి వచ్చాడు.

నెల తర్వాత మేఘన కట్టుకాలితో ఇంటికొచ్చింది. ఇక నుంచి పిల్లను తనతోపాటు గోదాముకే తీసుకుపోతానంది రేణుక. ఐలయ్య ఎదురు చెప్పలేదు. పొద్దున్నే అలవాటు ప్రకారం గోడ ముందు నిలబడ్డాడు. పది కింద వంకర అక్షరాలతో కొత్తగా రెండు వరుసలు చేరాయి. పదకొండు, చెట్టు. పన్నెండు, నాయిన.

"ఇది ఎవరు రాసిండ్రు?"

"నేనే," అంది మంచం మీది నుంచి మేఘన.

"నేనంటే నీకు భయమా బిడ్డా?"

పిల్ల ఆలోచించింది. "నువ్వంటే గాదు నాయినా. నీ దగ్గరొక్కదాన్నే ఉండాల్నంటే."

 ఐలయ్య గోడవైపు తిరిగి, చేతులు కట్టుకుని మొదటి నుంచి మొదలుపెట్టాడు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి గానీ గొంతు ఎక్కడా తొట్రుపడలేదు. పొయ్యిని చదివినట్టే, బావిని చదివినట్టే పన్నెండోదీ చదివాడు. చదివి, ఒకవేళ ఇప్పుడైనా దడ పుడుతుందేమోనని గుండె మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. అది ఎప్పటిలాగే నెమ్మదిగా కొట్టుకుంటోంది.