మాగ్నమ్ పెట్టుకో, మార్గో!

“ఈసారి నీకు తుపాకి పేల్చే పని లేదు. తూటాలు అమ్మే పని,” అన్నాడు చీఫ్.

ఏజెంట్ ఎమెట్ కోల్డర్ ముఖం చిట్లించాడు.

“డాక్టర్ లూథర్ ప్రూయిట్. మన కొత్త రాడార్ రహస్యమంతా ఆయన బుర్రలోనే ఉంది. ఆ బుర్ర పగలగొట్టాలని ఒక విదేశీ ముఠా తిరుగుతోంది. అరిజోనాలో దాచాం. పాపం ముసలాయనకి భయం పట్టుకుని రివాల్వర్ కొన్నాడు. తూటాల కోసం శనివారం బర్ల్ తుపాకుల కొట్టుకి వస్తాడు. అక్కణ్నుంచి నువ్వూ, ఏజెంట్ మార్గో కలిసి ఆయన్ని కొత్త చోటికి చేర్చాలి.”

“మార్గోనా?” ఎమెట్ ముఖం వెలిగిపోయింది.

“ఆ పళ్ళు కాస్త దాచుకో. ముఠాకి మనవాళ్ళలోనే ఎవరో ఉప్పందిస్తున్నారు. ఎవర్నీ నమ్మకు.”

మార్గోని తప్ప, అనుకున్నాడు ఎమెట్. గూఢచారులకి అన్ని విద్యలూ నేర్పిస్తారు గానీ ఎర్ర లిప్‌స్టిక్ ముందు ఎలా నిలబడాలో ఎవరూ నేర్పరు.

వారం రోజులు అతను బర్ల్ కొట్టులో గుమాస్తా వేషం కట్టాడు. దురదపెట్టే దొంగ మీసం, చొక్కాకి ‘బడ్’ అని పేరు బిళ్ళ, బెల్టు బకిల్‌లో బుల్లి రేడియో. కొట్టు వెనకాల గురి చూసి కాల్చుకునే రేంజ్ ఉంది. కాంక్రీట్ గోడల పొడుగాటి గది, ఒకటే ఉక్కు తలుపు, పక్కన తూటాలు దూరని అద్దం, దానికి అటూ ఇటూ మాట్లాడుకోడానికి మైకు. రేంజ్ లోంచి బయటికొచ్చే ప్రతి రివాల్వరూ తూటాలు పెట్టే సిలిండర్ తెరిచి, ఖాళీగా చూపించాలని బర్ల్ రూలు. షెరీఫ్ వచ్చినా సరే, ఆ రూలు మారదు.

మార్గో మామూలు కొనుగోలుదారులా రోజూ వచ్చేది. చవకరకం థర్టీ ఎయిట్ తూటాలు పెట్టెలకి పెట్టెలు కొని తన మాగ్నమ్ రివాల్వర్‌లో పెట్టి కాల్చేది.

“ఆ సిలిండర్ ఒకసారి బ్రష్‌తో తోమవే బాబూ,” అన్నాడు ఎమెట్ ఒకరోజు. “వారం నుంచి సీసం తూటాలు కాలుస్తున్నావు. లోపలంతా మసి కడుతుంది.”

“నా గోళ్ళ రంగు పాడైతే నువ్వు వేస్తావా?” అని ఆమె నవ్వింది. అతను కరిగిపోయాడు. శుక్రవారం ఆమె ఒక పెట్టె మాగ్నమ్ తూటాలు కూడా కొంది. ఆత్మరక్షణకట.

శనివారం మధ్యాహ్నం డాక్టర్ ప్రూయిట్ వచ్చాడు. ఎండకి కమిలిన బట్టతల, చంకలో గుడ్డలో చుట్టిన రివాల్వర్.

“మా పెద్దమ్మకి తూటాలు కావాలి,” అన్నాడు రహస్యంగా.

“ఆవిడకి చూపు ఎలా ఉంది?”

“గోడ కనిపిస్తుంది. తలుపు కనిపించదు.”

కోడ్ సరిపోయింది. ఎమెట్ రెండు పెట్టెలు కౌంటర్ మీద పెట్టాడు. “డాక్టరుగారూ, మీది మాగ్నమ్ రివాల్వర్. అందులో థర్టీ ఎయిట్ కూడా పట్టుద్ది. లావు ఒకటే, మాగ్నమ్ తూటా కంటే ఇది కాస్త పొట్టి. చెయ్యి అదరదు, ఖరీదు తక్కువ. గురి నేర్చుకోడానికి ఇవి కాల్చండి. ఇంట్లో పెట్టుకోడానికి ఇదిగో, మొన దగ్గర గుంట ఉన్నవి. దొంగని ఆపుతాయి గానీ గోడలు దాటి పక్కింటావిడ దాకా పోయే భయం తక్కువ.”

“నాకు ఏదైనా భయమే బాబూ,” అన్నాడు డాక్టర్.

బర్ల్ తినడానికి బరిటోలు తెచ్చుకోడానికి ట్రక్కేసుకుని వెళ్ళాడు. అంతలో మార్గో రేంజ్ లోంచి ఖాళీ రివాల్వర్‌తో బయటికొచ్చి, “మీరిద్దరూ లోపలికి పదండి. తూటాలు నేను తెస్తాను,” అంది.

ఇద్దరూ వెళ్ళారు. వెనకాల తలుపు మూసుకుంది. గడియ పడింది.

అద్దం అవతల మార్గో కొట్టు తాళాలగుత్తి ఊపుతూ మైకు నొక్కింది. “సారీ బంగారం. ముఠావాళ్ళు మీ చీఫ్ కంటే బాగా ఇస్తారు.”

ఎమెట్‌కి ప్రాణభయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది సిగ్గు. ఇన్నాళ్ళూ ఈ నవ్వు కోసమా తను మీసం దువ్వుకున్నది!

చీలమండ దగ్గర దాచిన పిస్టల్ లాగాడు.

“అందులో తూటాని పేల్చే పిన్ను లేదులే. నా లిప్‌స్టిక్ డబ్బాలో ఉంది.”

నొక్కి చూశాడు. నిజమే. ఆ పిస్టల్ తూటాలు డాక్టర్ రివాల్వర్‌లో పెట్టబోతే లావై దిగలేదు. రేడియో నొక్కితే గరగరమంది. కాంక్రీట్ లోంచి మాట బయటికి పోదు. కొట్టు నిండా తుపాకులు, తూటాలు, అన్నీ అద్దం అవతలే. ఇవతల ఒక పనికిరాని పిస్టల్, ఒక ఖాళీ రివాల్వర్, బోనులో ఎలకల్లా ఇద్దరు మగాళ్ళు.

“బాబూ,” డాక్టర్ ఎమెట్ చెయ్యి పట్టుకున్నాడు. “ఆమె నన్ను చంపడానికే వచ్చిందా?”

ఎమెట్ ఉక్కు తలుపుని భుజంతో గుద్ది చూశాడు. ఈ ముసలాయన్ని తన చేతులతోనే బోనులోకి నడిపించుకొచ్చాడు.

అద్దం అవతల మార్గో సిలిండర్ తెరిచి, డాక్టర్ కోసం పెట్టిన థర్టీ ఎయిట్ పెట్టె విప్పింది. ఒక తూటా తీసింది. ఆ పొట్టి తూటాని చూడగానే ఎమెట్‌కి ఏదో తట్టింది. మైకు దగ్గరికి ఒక్క దూకు దూకాడు.

“అవే పెట్టుకో మార్గో! నీకవే కరెక్టు. మాగ్నమ్ నీ వల్ల ఎక్కడవుద్ది? మణికట్టు విరుగుద్ది!”

ఆమె చెయ్యి ఆగింది. “ఏం కూశావ్?”

“రేంజ్ అంతా నవ్వుకుంటున్నారు. మాగ్నమ్ కొని డబ్బాలో దాచుకుందంట, పేల్చడానికి వణుకంట!”

డాక్టర్ నోరు తెరిచాడు. “ఏమయ్యా, నీకు మతి పోయిందా? మనల్ని పెద్ద తూటాలతో చంపమని రెచ్చగొడతావా?”

“ఊరుకోండి సార్, మీకు దణ్ణం పెడతాను!”

మార్గో పొగరు చీఫ్ కంటే ఎమెట్‌కే బాగా తెలుసు. ఆమె పొట్టి తూటాల పెట్టె విసిరికొట్టి, సంచీలోంచి మాగ్నమ్ పెట్టె తీసింది. ఒక్కో తూటానీ బొటనవేలితో నొక్కింది. ఒకటి మొరాయించినట్టుంది. విసుక్కుని మళ్ళీ నొక్కింది. ఆమె ఇంకొక్క క్షణం ఆగి కిందకి పరీక్షగా చూస్తే అంతా అయిపోయినట్టే.

బయట బర్ల్ ట్రక్కు హారన్ మోగింది.

మార్గో ఉలిక్కిపడి, అరచేత్తో ఒక్క గుద్దు గుద్ది సిలిండర్ మూసింది. తాళం తిప్పి తలుపు తన్నింది. ఎమెట్ డాక్టర్‌కి అడ్డం నిలబడ్డాడు.

“ముందు నువ్వే,” అంది. ట్రిగ్గర్ లాగింది.

ట్రిగ్గర్ కదల్లేదు. రెండు చేతులతో లాగింది. సిలిండర్ అంగుళం కూడా తిరగలేదు. ఆమె ఎర్రటి పెదవులు తెరుచుకుని అలాగే ఉండిపోయాయి. ఎమెట్ చేతిలోని పనికిరాని పిస్టల్ ఆమె మణికట్టు మీద పడింది. రివాల్వర్ ఎగిరిపడింది. బర్ల్ బరిటోల సంచీతో లోపలికి వచ్చేసరికి మార్గో ఎమెట్ బెల్టుతో కట్టేసి ఉంది.

“దేవుడు కాపాడాడు,” అన్నాడు డాక్టర్, గోడకి జారగిలబడి.

“దేవుడూ, మసీ,” అన్నాడు ఎమెట్. “పొట్టి తూటాలు వారం రోజులు తోమకుండా కాలిస్తే, వాటి మొన ఆగేచోట గట్టిగా మసి వలయం కడుతుంది. పొడుగు తూటా దానికి తగిలి పూర్తిగా దిగదు. బలవంతంగా మూస్తే సిలిండర్ బిగుసుకుపోతుంది. నేను చెప్పాను. వినలేదు.”

“నువ్వు చెప్పావు సరే,” అంది మార్గో నేలమీంచి. “చీఫ్ ఎవర్నీ నమ్మొద్దని చెప్తే నువ్వు విన్నావా?”

ఎమెట్ మీసం పీకి జేబులో పెట్టుకున్నాడు. ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

“పదండి డాక్టరుగారూ, బయల్దేరాలి. ఇంతకీ తూటాలు ఏ రకం కట్టమంటారు?”

ముసలాయన ఒక్కసారి మార్గో రివాల్వర్ వైపు చూశాడు.

“ముందు ఆ బ్రష్ ఇవ్వు బాబూ. తూటాల సంగతి తర్వాత చూద్దాం.”