మంగతాయారు దీపం

తలుపులు తెరవకముందే కేంద్రం ముందు జనం బారు తీరారు. అందరి చేతుల్లోనూ సంచీలు, సంచీల్లో దీపాలు. పిల్లలున్నవాళ్ళు పులిహోర డబ్బాలు కూడా తెచ్చుకున్నారు. శ్రావణమాసపు ముసురును లెక్కచెయ్యకుండా, తీర్థానికి వచ్చినట్టే వచ్చారు. గోదావరి తీర విశ్వవిద్యాలయంలోని కర్కట పరిశోధన కేంద్రం ఏటా జరిపే మొలకల పండుగ అది. క్యాన్సర్ ఆసుపత్రి ఉన్న వీధిలో నడవడానికే జనం జంకేవారని పెద్దవాళ్ళు చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు.

ఆ జంకు పోగొట్టింది జంటమొలక. రోగి ఒంట్లోంచి ఆవగింజంత కండ తీసి, చెమ్మగిన్నె అనే గాజుపాత్రలో పెంచుతారు. ఏ మందైనా ముందు మొలక రుచి చూడాలి. అక్కడ పనిచేస్తేనే మనిషికి ఇస్తారు. పనికిరాని మందులు గిన్నె తాగుతుంది, పనికొచ్చేది మనిషి తాగుతాడు. ఆ గిన్నెతో తీగ లేకుండా ముడిపడిన చిన్న దీపం ఒకటి రోగి ఇంట్లో ఉంటుంది. మొలక బతికున్నంత కాలం అది ఆకుపచ్చగా వెలుగుతుంది. "మీ దీపం ఎలా ఉందండీ?" అన్నది ఇప్పుడు ఊళ్ళో కుశలప్రశ్న. పెళ్ళిచూపుల్లో కూడా అడుగుతున్నారు. మనవాళ్ళు దేన్ని వదిలారు గనక!

ఈ దీపం ఆలోచన ఇందుమతిది. ఆమె కేంద్రానికి జనవారధి, అంటే లోపల జరిగే పరిశోధనను బయటి జనానికి అర్థమయ్యేలా చెప్పడం ఆమె ఉద్యోగం. మొలక అన్న పేరు పెట్టిందీ ఆమే. అంతకుముందు ప్రయోగశాలలో దాన్ని 'కణితి తునక' అనేవారు. ఆ మాట వింటే రోగులు ముఖం తిప్పుకునేవారు. రోగి అసలు పేరు బయటపడకుండా ప్రతి మొలకకూ ఒక మొక్క పేరు పెట్టుకునే వీలు కల్పించింది కూడా ఆమే. కొందరు మల్లె అన్నారు, కొందరు మందారం అన్నారు. జనానికి మొలకలంటే ముద్దు పుట్టింది. ఇందుమతికి మంచి పేరు వచ్చింది.

వరస వెంట నడుస్తూ ఒక్కొక్కరినీ పలకరిస్తున్న ఆమె, ఓ పెద్దాయన దగ్గర ఆగింది. డెబ్భై దాటి ఉంటాయి. దీపాన్ని సంచీలో పెట్టకుండా తువ్వాలులో చుట్టి గుండెకు ఆనించుకుని నిలబడ్డాడు.

"ఎవరిదండీ దీపం?"

"మా మంగతాయారిదండి. గోగు అని పేరు పెట్టుకుంది. పువ్వుల పేర్లన్నీ మన నర్సరీలో ఉన్నాయి, కూర పేరు పెట్టుకుందావని నవ్విందండి. నా పేరు పేర్రాజండి. కడియం."

గోగు అన్న పేరు విని ఇందుమతి ఉలిక్కిపడింది. "ఆవిడ రాలేదా?" అని మాత్రం అడిగింది.

"మాఘమాసంలో పోయిందండి."

ఆమె దీపం వైపు చూసింది. తువ్వాలు మడతల్లోంచి ఆకుపచ్చ వెలుగు కనిపిస్తూనే ఉంది.

"పోయిందన్నారండి అందరూ," అన్నాడు పేర్రాజు. "పెద్దకర్మకి గోదారి ఒడ్డుకి బయల్దేరదీశారు. నేను గుమ్మం దిగలేదండి. ఇంట్లో దీపం వెలుగుతుంటే నువ్వులూ నీళ్ళూ వదలడమేంటండి? తల్లి చెట్టు ఎండిపోయినా అంటు బతికుంటే ఆ చెట్టు బతికున్నట్టే కదండీ. యాభై ఏళ్ళు అంటు కట్టినవాణ్ణి, ఆమాత్రం తెలీదా? బంధువులంతా తిట్టుకుంటా పోయారండి. రోజూ పొద్దున్నే దీపం దగ్గర కాఫీ పెట్టి, ఆ తర్వాతే నేను తాగుతాను. ఇవాళ కళ్ళారా చూపిస్తారంట కదాని వచ్చేను."

దీపాన్ని ఇంటికి ఎలా ఇవ్వాలో, గోడకు ఎక్కడ తగిలించాలో, పిల్లలు ముట్టకుండా ఎంత ఎత్తులో ఉంచాలో అన్నీ ఆలోచించారు. మనిషి పోయాక దాన్ని ఎవరు ఆర్పాలో ఒక్కరూ ఆలోచించలేదు. పోయినవాళ్ళ మొలకలను కొత్త మందుల కోసం కేంద్రం అట్టే పెట్టుకుంటుంది. దీపాలు ఇళ్ళలోనే ఉండిపోయాయి. ఆ సంగతి ఇప్పుడు, ఈ వానలో, ఈయన ముందు నిలబడితే గాని ఆమెకు తట్టలేదు.

అంతకంటే భయపెట్టే సంగతి ఇంకొకటుంది. పండుగలో జనం ఎదురుచూసేది తెరప్రయోగం కోసం. కొత్త మందు మొలకను చంపుతుంటే సభలోని పెద్ద తెర మీద అందరూ చూస్తారు. మొలక చావగానే చప్పట్లు కొడతారు. ఈ ఏడు ఆ ప్రయోగానికి ఎంచింది గోగును.

ఆమె గబగబా వేదిక వెనక్కి వెళ్ళింది. పరిశోధన బృందానికి పెద్ద అయిన డాక్టర్ కౌస్తుభ్ అప్పటికే చేతితొడుగులు వేసుకుని సిద్ధంగా ఉన్నాడు.

"ఇవాళ ఆపాలండీ. గోగు తాలూకు ఆయన సభకొచ్చారు. భార్య ఇంకా బతికే ఉందనుకుంటున్నారు."

"ఆపడమా? మందు కలిపేశాం ఇందుమతి గారూ. గంట దాటిందంటే అది వట్టి నీళ్ళే. మళ్ళీ తయారు చెయ్యాలంటే నెల పడుతుంది. కాత్యాయనికి నెల లేదు. మీకూ తెలుసు."

తెలుసు. కాత్యాయని రావులపాలెం బస్సు నడిపే అమ్మాయి. ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. ఆమె మొలక ఎన్నిసార్లు వేసినా గిన్నెలో బతకలేదు. మొలక రుచి చూడని మందు మనిషికివ్వడం చట్టం ఒప్పుకోదు. మొలకశాలలో ఉన్న వేల గిన్నెల్లో ఆమె జబ్బుకు అచ్చంగా సరిపోలింది ఒక్క గోగే. అదీ ఒక్క గిన్నెడే మిగిలింది. సగం తీసి పరీక్షిద్దామంటే ఫలితం నమ్మడానికి వీల్లేదు.

కౌస్తుభ్ గొంతు తగ్గించాడు. "ఒక పని చేద్దాం. తెర మీద గోగు బదులు వేరే పేరు వేయిస్తాను. ఆయన దీపాన్ని ఇక్కణ్ణుంచి ఉత్తుత్తినే వెలిగించి ఉంచుతాను. ఆయన కాఫీ ఆయన పెట్టుకుంటారు, ఈ అమ్మాయి బతుకుతుంది. ఎవరికి నష్టం చెప్పండి?"

"ఎన్నాళ్ళు వెలిగిస్తారు?"

"ఆయన ఉన్నన్నాళ్ళూ."

అబద్ధమాడటం ఇంత తేలికని ఇందుమతికి అంతవరకూ తెలియదు. సరే అనాలని ఆమెకు ఎంతగానో అనిపించింది. నోరు కూడా తెరిచింది. కాని దీపం దగ్గర పెట్టే కాఫీ గ్లాసు గుర్తొచ్చి ఆగిపోయింది.

"వద్దండి. నేను చెబుతాను."

"ఆయన ఒప్పుకోకపోతే?"

ఆమె అప్పటికే సభ వైపు కదిలింది. సభ గోడ మీద నిలువెత్తు అక్షరాలతో ఆమే రాయించిన మాట ఉంది: మీ మాట లేనిదే మీ మొలకను ముట్టం. పోయినవాళ్ళ విషయంలో చట్టానికి ఆ మాటతో పని లేదు. కాని జనం చదివేది చట్టాన్ని కాదు, గోడను.

ఆమె సభలోకి వచ్చేసరికే తెర వెలిగింది. లేతగులాబి రంగులో ఒక ముద్ద, సన్నగా కదులుతోంది. దాని కింద 'గోగు' అని పేరు. పిల్లలు ఆహా అన్నారు. నాలుగో వరసలో పేర్రాజు లేచి నిలబడ్డాడు. ముఖమంతా సంతోషం.

"అది మాదండి! మా ఆవిడదేనండి!" అని పక్కవాళ్ళకు చెప్పాడు. అంతలో వేదిక మీద కౌస్తుభ్ చేతిలోని మందుగొట్టం చూశాడు. "ఏవండీ డాక్టరు గారూ, ఏం పోస్తున్నారండి అందులో?"

కౌస్తుభ్ చెయ్యి గిన్నె మీదే ఆగింది. ఇందుమతి వేదిక ఎక్కలేదు. వరసల మధ్య నడుచుకుంటూ పేర్రాజు దగ్గరికి వెళ్ళింది. ఆమె మెడలోని మాటబిళ్ళ ఆమె చెప్పేదంతా సభకు వినిపిస్తుంది. దాన్ని తీసేద్దామనుకుని, తియ్యకుండానే మాట్లాడింది.

"పేర్రాజు గారూ, మీకు మేం ఒక సంగతి సరిగ్గా చెప్పలేదు. ఆ గిన్నెలో ఉన్నది మంగతాయారు గారు కాదు. ఆవిడ ఒంట్లో పెరిగిన కణితిలోంచి తీసిన ముక్క. వినడానికి బాగుంటుందని దానికి మొలక అని పేరు పెట్టాను. పెట్టింది నేనే."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. దీపం వైపు చూశాడు, తెర వైపు చూశాడు.

"అంటే... అంటు కాదా అండి?"

"కాదండి. చెట్టుకు పట్టిన తెగులు. తెగులు మాత్రమే బతికుంది."

పేర్రాజు చేతుల్లోంచి తువ్వాలు జారి కింద పడింది. దీపం ఆయన రెండు చేతుల మధ్యా పచ్చగా వెలుగుతోంది.

"ఆర్నెల్లండి," అన్నాడు. "ఆర్నెల్లు మా ఆవిణ్ణి తినేసిందానికి కాఫీ పెట్టేనా అండి నేను? దాని ముందు కూచుని, పొలంలో ఏం జరిగిందో, కనకాంబరం నారు ఎంతకు పోయిందో చెప్పుకున్నానండి. ఆవిడకి పెట్టాల్సిన పిండం ఆపేసి దీన్ని మేపేనా అండి? ఇంత చదువుకున్నారు కదమ్మా, ఒక్క ముక్క చెప్పకూడదా?"

"చెప్పాల్సింది. తప్పు మాదే," అంది ఇందుమతి. ఆమెకు ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

వేదిక మీద కౌస్తుభ్ గడియారం వైపు చూశాడు. మందుకు ఎక్కువ సమయం లేదు. ఆయన అడగలేడు, ఆమె అడగాలి. ఇంత చేసి ఇంకేం మొహం పెట్టుకుని అడగడమో ఆమెకు తోచలేదు. చివరకు పేర్రాజే అడిగాడు.

"ఆ మందు ఎవరికండి?"

రోగి పేరు బయటపెట్టడం జనవారధికి నిషిద్ధం. ఆమె తల వంచుకుంది. ముందు వరసలో కుర్చీ కదిలిన చప్పుడైంది. పలచబడిన మనిషి ఒకామె, కుర్చీ చేతులు పట్టుకుని లేచి, వెనక్కి తిరిగింది.

"నాకండి. నా పేరు కాత్యాయని. నా మొలక బతకలేదండి. మీ ఆవిడ గారిది ఒక్కటే సరిపోయిందంట." కొంచెం ఆగి, ఊపిరి తీసుకుంది. "మీకు కష్టమైతే వద్దండి. నేనేం అనుకోను."

అనుకోనన్న మనిషి చెయ్యి కుర్చీని ఎంత గట్టిగా పట్టుకుందో సభంతా చూసింది. పేర్రాజు ఆమెను గుర్తుపట్టాడు.

"నువ్వు బస్సు నడుపుతావా అమ్మా? కడియం స్టాపులో మొక్కల బుట్టలెక్కించుకుంటావు. ఏ డ్రైవరూ ఆపడు, నువ్వు ఆపుతావు."

"ఆయ్, నేనేనండి."

ఆయన మళ్ళీ తెర వైపు తిరిగాడు. "డాక్టరు గారూ, అదేదైనా సరే, ఆవిడ ఒంట్లో పుట్టిందే కదండీ. నొప్పి తెలుస్తదా దానికి?"

"తెలియదండి," అన్నాడు కౌస్తుభ్.

"ఆవిడకి తెలిసిందండి. బాగా తెలిసింది." పేర్రాజు కూర్చుని, దీపాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. "పొయ్యండి."

మందు పడింది. గులాబి ముద్ద అంచులు మొదట తెల్లబడ్డాయి. తరవాత కదలిక మందగించింది. ముద్ద ఎక్కడికక్కడ విడిపోయి, మసకబారి, నీళ్ళలో కలిసిపోయింది. పేర్రాజు తెర చూడటం లేదు. ఒళ్ళోని దీపాన్నే చూస్తున్నాడు. అది ఒకసారి రెపరెపలాడి ఆరిపోయింది.

అలవాటు కొద్దీ వెనక వరసల్లో ఎవరో చప్పట్లు మొదలుపెట్టి, వెంటనే ఆపేశారు. మందు పనిచేసిందని కౌస్తుభ్ వేదిక మీంచి చేత్తో సైగ చేశాడు. ఆ శుభవార్త సభకు చెప్పాల్సింది ఇందుమతి. ఆమె సభ నలుమూలలా చూసింది. అక్కడొకరు, ఇక్కడొకరు తమ సంచీలు తెరిచి, లోపల వెలుగుతున్న దీపాల్ని చూసుకుంటున్నారు. మూడో వరసలో ఒకావిడ కొంగుతో దీపాన్ని కప్పేసింది. వాటిలో ఎందరి మనుషులు ఇంకా ఉన్నారో, ఎందరు పోయారో పొద్దుట్నుంచీ అందరినీ పలకరించిన తాను ఒక్కరినీ అడగలేదు. ఇకనుంచి ప్రతి ఇంటికీ వెళ్ళి అడగాలి.

పేర్రాజు కింద పడిన తువ్వాలు తీసుకున్నాడు. ఆరిపోయిన దీపాన్ని దాంట్లో జాగ్రత్తగా చుట్టి, ముడి వేశాడు. ఆ పని పూర్తయ్యాక తలెత్తాడు.

"ఇవాళ తిథేంటమ్మా?"

"ఏమిటండీ?"

"తిథండి. ఏటా పెట్టుకోవాలి కదా ఆవిడకి. మాఘమాసంలో పోయిందన్నారు గానీ, ఆ రోజు నా లెక్కలో లేదండి. నా మటుకు నాకు ఆవిడ ఇవాళే పోయింది."

వేల మొలకల వివరాలు నోటికి చెప్పగల ఇందుమతికి ఆ రోజు తిథేదో తెలియదు. మణికట్టు మీది పలక వైపు చూసింది. కన్నీళ్ళకు అక్షరాలు ఆనలేదు.

"శ్రావణ బహుళ పంచమి, బాబాయ్ గారూ," అంది ముందు వరసలోంచి కాత్యాయని. "నేనూ గుర్తు పెట్టుకుంటాను."